సుద్దకొండల మీది పాతబాట

ఒక దేశచరిత్రను తెలిసికొనుటకు శాసనములు, నాణెములు, కోటలు, కావ్యములు ఆధారములని మనమెఱుగుదుము. బాట కూడ అట్టి ఆధారమే యన్న సంగతిని అంతగా తలపోయము. శాసనమును ఒక రాజు ఒకనాడు చెక్కించును. బాటనో, పేరు తెలియని వేలాది మనుష్యులు, వారి పశువులు, వందల యేండ్లు నడచి నడచి చెక్కుదురు. చెక్కించినవాడు పోయినను రాతిమీది వ్రాత నిలుచును. బాట సంగతి అట్లు కాదు. నడచువారు లేని నాడు దానిమీద గడ్డి మొలచును; ముండ్లు క్రమ్ముకొనును; ప్రక్క పొలమువాడు ఏటికొక చాలు లోపలికి దున్నును. ఒక తరము గడచునప్పటికి అక్కడ బాట యుండెనను జ్ఞాపకము కూడ మాసిపోవును. కావున బాట చరిత్ర యనగా దానిని విడువక నడచినవారి చరిత్రయే.

ఇట్టి దృష్టితో చూడదగిన బాట యొకటి ఇంగ్లండు దేశపు దక్షిణభాగమున కలదు. దాని పేరు 'సౌత్ డౌన్స్ వే'. వించెస్టర్ నగరము నుండి ఈస్ట్‌బోర్న్ సముద్రతీరము వరకు, కొండల వెన్నుమీదుగా, సుమారు 100 మైళ్ళు, అనగా 160 కిలోమీటర్లు, అది సాగిపోవును. పూర్వము గొఱ్ఱెలమందలు, గుఱ్ఱపు రౌతులు, సైనికులు, సంతకు పోవు రైతులు నడచిన ఆ దారిని నేడు లావుపాటి టైర్లుగల కొండసైకిళ్ళపై ఎందఱో ప్రయాణము చేయుచున్నారు. 'మౌంటెన్ బైకు' అని పిలువబడు ఈ యంత్రము పుట్టి అర్ధశతాబ్దమే అయినది. నిన్న మొన్నటి యంత్రమునకు ఇంత పాతబాటపై నడచు హక్కు ఎట్లు వచ్చినది? అసలు బాట ఎవరిది? భూమి గలవానిదా, నడచువానిదా? ఈ ప్రశ్నకు ఆ దేశప్రజలు ఎన్నో యేండ్లు పెనగులాడి సంపాదించుకొన్న సమాధానమే ఈ ప్రసంగమునకు విషయము.

ముందుగా ఆ కొండలను గూర్చి కొంచెము చెప్పవలెను. 'డౌన్' అనగా నేటి ఇంగ్లీషులో క్రిందు అని యర్థము. ఐనను సౌత్ డౌన్స్ అనునవి కొండలే. 'డూన్' అను పాత ఇంగ్లీషు మాటకు కొండ యని యర్థము. ఆ మాటయే ఈ పేరులో నిలిచియున్నది. ఇవి మన నల్లమల కొండలవలె అడవులతో, రాతిచరియలతో భయము గొలుపునవి కావు. ఎద్దు మూపురమువలె నున్ననై, పొట్టి గడ్డితో పచ్చనై యుండును. ఈ వరుసలో మిక్కిలి ఎత్తైన బట్సర్ కొండ 270 మీటర్లే. ఉత్తరపు వైపు మాత్రము నిటారుగా దిగును. దక్షిణమునకు సముద్రము వైపు మెల్లగా వాలును. కొండ యంతయు సుద్ద. కోట్లకొలది యేండ్ల క్రిందట వెచ్చని సముద్రపు అడుగున పేరుకొన్న సూక్ష్మజీవుల చిప్పలే ఈ సుద్దగా మారినవి. సుద్దపొరల నడుమ చెకుముకి రాయి దొరకును. సుమారు ఆరువేల యేండ్ల క్రిందట నవీన శిలాయుగపు మనుష్యులు సిస్‌బరీ వంటి తావులలో దుప్పికొమ్ములనే పలుగులుగా జేసికొని, గనులు త్రవ్వి, ఈ రాతిని వెలికి తీసి గొడ్డళ్ళు చేసికొనిరి.

సుద్దలో నీరు నిలువదు. వాన వెలిసిన కొలది సేపటికే కొండమీది నేల ఆరిపోవును. కొండలకు ఉత్తరముగానున్న 'వీల్డ్' అను పల్లపు ప్రాంతమో, బంకమట్టి నేల. ఓకు చెట్ల అడవి. శీతకాలమున అక్కడ బండిచక్రము ఇరుసు వరకు దిగిపోయెడిది. కావున దూరప్రయాణము చేయువాడు పల్లము విడిచి కొండ వెన్నునెక్కుట సహజము. అక్కడ నేల గట్టిగా నుండును, నలుదెసలు కనబడును. ఈ వెన్నుబాట యావత్తు చరిత్రకు పూర్వమే ఒకే దారిగా నుండెనని కొందఱు పూర్వము నమ్మిరి. నేటి పరిశోధకులు అంత గట్టిగా చెప్పరు. వేర్వేరు కాలములలో వేర్వేరు అవసరములకు పడిన తునుకలు కలిసి ఈ బాట అయినదనుట యుక్తము. ఐనను దాని పొడుగునను కంచుయుగపు సమాధిదిబ్బలు, ఇనుపయుగపు కొండకోటలు ఉండుట చూచినచో, ఈ వెన్నుమీద మనుష్య సంచారము ఎంత ప్రాచీనమో తెలియును.

గ్రామములు మాత్రము వెన్నుమీద లేవు. సుద్దలో ఇంకిన నీరు కొండపాదమున ఊటలై పైకుబుకును. ఆ ఊటల వెంబడి హారములోని పూసలవలె పల్లెలు వెలసినవి. వానిలో పెక్కింటి పేర్లు 1086వ సంవత్సరమున విజేత విలియము చేయించిన 'డూమ్స్‌డే' లెక్కలలోనే కనిపించును. ఒక్కొక్క గ్రామపు పొలిమేర వెడల్పున తక్కువ, పొడవున ఎక్కువ. కొండమీది గడ్డిబీడు, పాదమున దున్నుటకు మంచి నేల, దిగువ బంకనేలలో కట్టెలకు అడవి: మూడింటిలోను ప్రతి గ్రామమునకు పాలు దక్కవలెనని పూర్వులు అట్లు విభజించుకొనిరి. పల్లె నుండి కొండమీది బీడునకు పోవు నిటారు దారిని ససెక్స్ మాండలికమున 'బోస్టల్' అందురు. నేటి సైకిలు ప్రయాణికుడు నీటి కొఱకు, అన్నము కొఱకు, రాత్రి బసకొఱకు దిగునది ఈ బోస్టల్ దారులనే. మరునాడు ప్రొద్దుట మరల ఎక్కునదియు వానినే. గొఱ్ఱెల కాపరి రోజుకు రెండు మార్లు పడిన శ్రమ యెట్టిదో ఆ ఎక్కుడులో అతనికి బోధపడును.

పడమటి నుండి తూర్పునకు ప్రయాణము సాగింతము. వించెస్టర్ వెసెక్స్ రాజ్యమునకు రాజధాని. ఆల్ఫ్రెడ్ మహారాజును సమాధిచేసిన నగరము. అక్కడ నుండి పొలముల నడుమ పోయి, మియాన్ నది యొడ్డున ఎక్స్‌టన్ పల్లెను దాటి, 'ఓల్డ్ వించెస్టర్ హిల్' అను కొండ నెక్కవలెను. దానిపై ఇనుపయుగపు కోట కట్టలు, అంతకు పూర్వపు సమాధిదిబ్బలు కలవు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అచ్చట సైనికులకు మోర్టారు ఫిరంగుల సాధన చేయించిరి. రెండువేల యేండ్లనాటి కోట కందకము ప్రక్కనే ఇరువదవ శతాబ్దపు యుద్ధచిహ్నములు! తరువాత బట్సర్ కొండ; దానికావల బ్యూరిటన్ గ్రామము. రోమను సామ్రాజ్య క్షీణపతనములను గూర్చి మహాగ్రంథము వ్రాసిన ఎడ్వర్డ్ గిబ్బన్ కుటుంబపు ఇల్లు ఈ యూరనే యున్నది. హార్టింగ్ దాటిన పిదప చెట్ల నడుమ వరుసగా నిలిచిన కంచుయుగపు దిబ్బలు కనబడును. వానికి పల్లెజనము 'దయ్యపు గంతులు' అని పేరు పెట్టిరి. ఎవరు కట్టిరో తెలియని ప్రతి కట్టడమును దయ్యమునకో, రాక్షసునికో అంటగట్టుట మన పల్లెలకు కొత్త గాదు. పాండవుల గుళ్ళు, రాక్షసి గుళ్ళు మనకును కలవు.

బిగ్నర్ కొండమీద మన బాటను మఱియొక బాట ఖండించును. అది రోమనులు వేసిన 'స్టేన్ స్ట్రీట్'. చిచెస్టర్ నుండి లండనునకు పోయెడిది. అక్కడి దారిచూపు కొయ్యపై ఆ నగరముల పేర్లను లాటిను భాషలో వ్రాసియుంచిరి. కొండ క్రింద 1811లో ఒక రైతు పొలము దున్నుచుండగా నాగలికి రాయి తగిలెను. త్రవ్వి చూడగా రోమనుల కాలపు గొప్ప భవనము, రంగురాళ్ళు పొదిగిన దాని నేలలు బయల్పడినవి. తరువాత వచ్చు ఆంబర్లీ, ఆరన్ నది పల్లమున గడ్డికప్పు ఇండ్లతో విలసిల్లు పల్లె. చిచెస్టర్ బిషప్పులు 1377లో రాజానుమతి పొంది అచ్చటి తమ నివాసమును కోటగా మార్చుకొనిరి. కొండ వెన్నుపై రోమను దారి, పాదమున మధ్యయుగపు కోట: ఈ రెంటి నడుమ వేయి యేండ్లకు పైబడిన దూరము. సైకిలుపై ఒక్క పూట ప్రయాణము.

ఇక గొఱ్ఱెల సంగతి. ఈ కొండలను శతాబ్దములపాటు పోషించినది గొఱ్ఱెయే. పగలు కొండమీద మేసి, రాత్రి దిగువ పొలములలో మంద కట్టగా, దాని ఎరువుతో పలుచని సుద్దనేల పంట పండెడిది. మన రైతులు పొలములలో మందలు కట్టించుకొనుట ఇందుకే గదా! గ్లైండ్ గ్రామమునకు చెందిన జాన్ ఎల్మన్ అను రైతు 18వ శతాబ్దపు చివరి భాగమున ఈ కొండల గొఱ్ఱెజాతిని వృద్ధి చేసి లోకప్రసిద్ధి తెచ్చెను. పైకూమ్ ఊరి కమ్మరి చేసిన వంకికఱ్ఱలకు గొల్లలలో గొప్ప పేరుండెడిది. నీరు నిలువని కొండపై పశువులకు నీరెట్లు? గుండ్రముగా కుంట త్రవ్వి, అడుగున బంకమట్టిని గాని తడిసుద్దను గాని తొక్కి గట్టిపఱచి, వాననీటిని నిలిపెడివారు. వీనిని మంచుకుంటలందురు, మంచు వలననే నిండునని జనము నమ్మిరి గాని, నింపునది ముఖ్యముగా వానయే. గొఱ్ఱె నిత్యము కొఱుకుట చేతనే గడ్డి పొట్టిగా, మెత్తగా, పలువిధములైన చిన్న పూల మొక్కలతో నిండి యుండెను. బాట తెరచియుండుటకును ఆ గొఱ్ఱె గిట్టలే కారణము.

ఆ రోజులు పోయినవి. ఉమ్మడి బీడులను చట్టము మూలమున సొంత కమతములుగా మార్చుకొన్నపుడు దేశమందంతట పెక్కు పాతబాటలు మూతబడినవి. రెండవ ప్రపంచయుద్ధమున ఆహారపు కొఱతకు భయపడి ఈ గడ్డిబీడులను విరివిగా దున్నిరి. యుద్ధము ముగిసినను దున్నుట ఆగలేదు. సౌత్ డౌన్స్‌ను జాతీయ ఉద్యానముగా ప్రకటింపవలెనని 1940 దశకముననే ప్రతిపాదన యుండెను. కాని 1956లో సంబంధిత సంఘము ఆ ఆలోచనను విరమించుకొనెను. సాగు వలన ఆ కొండల విహారయోగ్యత చాల వరకు పోయినదని చెప్పిరి. కొండలకు ఆ గౌరవము దక్కుటకు 2010 వరకు వేచియుండవలసి వచ్చెను. నేడు ఆ ఉద్యానము 1,600 చదరపు కిలోమీటర్లకు పైగా వ్యాపించియున్నది.

కొండలకు రక్షణ లేని ఆ కాలమున బాటను నిలిపినది న్యాయశాస్త్రము. ఇంగ్లీషు ధర్మము ప్రకారము భూమి ఒకనిదే కావచ్చును; దానిమీద నడచు హక్కు లోకులందఱిది కావచ్చును. ఒకమారు రహదారి యైనది, చట్టప్రకారము మూసిన గాని, ఎల్లప్పుడును రహదారియే యని వారి సూత్రము. 1932 నాటి చట్టము దీనిని స్పష్టపఱచెను. ఇరువది సంవత్సరములు జనులు అడ్డులేక, దాచక, అనుమతి యడుగక నడచినచో, భూస్వామి ఆ దారిని లోకమునకు ఇచ్చినట్లే భావింపవలెను. కాబట్టియే కొందఱు భూస్వాములు ఏడాదికొకనాడు దారికి గేటు వేసి, ఇది నాది సుమా యని చాటెడి ఆచారము కలదు! అదే సంవత్సరము ఏప్రిల్ 24న ఉత్తరమున కిండర్ స్కౌట్ కొండమీదికి, భూస్వాముల కావలివాండ్రను లెక్కచేయక, కొన్నివందలమంది కార్మిక యువజనులు ఎక్కిరి. అయిదుగురు చెఱసాలకు పోయిరి. ఈ విధమైన ఉద్యమముల ఫలముగా 1949లో పార్లమెంటు మఱొక చట్టము చేసెను. ప్రతి మండలమును తనలోని కాలిబాటలను, గుఱ్ఱపుబాటలను పటములపై గీసి ప్రకటింపవలెను. పటముమీది గీత హక్కునకు తిరుగులేని సాక్ష్యమయ్యెను.

కాలిబాట వేఱు, గుఱ్ఱపుబాట వేఱు. మొదటిదానిపై నడచుటయే చెల్లును. రెండవదానిపై గుఱ్ఱమునెక్కి పోవచ్చును. మఱి సైకిలు? 1888 నాటి చట్టము సైకిలును బండిగా పరిగణించెను. ఆ కారణమున బండ్లు పోవు రోడ్డులన్నిటిపై దానికి హక్కు దొరికెను గాని, బండికి చోటులేని గుఱ్ఱపుబాటలపై దొరకలేదు. ఎనుబది యేండ్లు గడచిన పిదప, 1968 నాటి గ్రామీణ ప్రాంత చట్టము ఆ తలుపు తెరచెను. సైకిలువాడు గుఱ్ఱపుబాటపై పోవచ్చును. కాని నడచువారికి, గుఱ్ఱపు రౌతులకు దారి యీయవలెను. అంతేకాదు, సైకిళ్ళ సౌకర్యము కొఱకు బాటను బాగుచేయవలసిన బాధ్యత ఎవరికిని లేదు. ఇది చిత్రమైన వరము. ఇంటిలోనికి రానిచ్చిరి, పీట వేయలేదు. ఐనను ఇందులో ఒక వివేకము కలదు. చివర వచ్చిన అతిథి ముందున్నవారికి తొలగి కూర్చుండవలెను గాని, ఇల్లు తనకొఱకు మార్చుమనరాదు.

బాటను యంత్రమునకు తగినట్లు మార్చలేదు గనుక, యంత్రమే బాటకు తగినట్లు మారవలసి వచ్చెను. గరుకుదారులపై సైకిలు త్రొక్కు ఉత్సాహవంతులు 1955లోనే ఇంగ్లండులో 'రఫ్ స్టఫ్ ఫెలోషిప్' అను సంఘముగా ఏర్పడిరి. వారివి మామూలు సైకిళ్ళే. ఎక్కలేనిచోట భుజాన వేసికొని నడచెడివారు. కొండసైకిలు రూపొందినది మాత్రము అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు మేరిన్ ప్రాంతమున. 1970 దశకమున అచ్చటి యువకులు కొందఱు లావు టైర్లుగల పాతసైకిళ్ళను కొని టామల్‌పైస్ కొండదారులలో దిగెడివారు. ఒక దారిలో దిగునప్పటికి వెనుక చక్రపు బ్రేకు వేడెక్కి, దానిలోని గ్రీజు పొగయై పోయెడిది. మరల నింపుకొనవలసి వచ్చెడిది. అందుచేత 1976లో ఆ దారిన ఆరంభమైన పందెములకు 'రీప్యాక్', అనగా మరల నింపుట, అనియే పేరు నిలిచెను. 1981 నుండి కర్మాగారములలో ఇట్టి సైకిళ్ళు విరివిగా తయారగుట మొదలిడెను. అవి సముద్రము దాటి ఇంగ్లండు చేరునప్పటికి వాని కొఱకే అన్నట్లు గుఱ్ఱపుబాటల చట్టము సిద్ధముగా నుండెను. సౌత్ డౌన్స్ వే కూడ సిద్ధముగా నుండెను. దూరప్రయాణమునకై ఏర్పఱచిన తొలి గుఱ్ఱపుబాటగా 1972లో దానిని తెరచిరి. మొదట బ్యూరిటన్ వద్ద మొదలైన ఆ దారిని తరువాత పడమటికి వించెస్టర్ వరకు పొడిగించిరి.

ఆంబర్లీ వద్ద ఆపిన ప్రయాణమును తిరిగి సాగింతము. తూర్పున చాంక్టన్‌బరీ కొండకోట కలదు. అందు రోమనుల కాలపు ఆలయపు పునాదులున్నవి. 1760లో చార్లెస్ గోరింగ్ అను యువకుడు కోట కట్ట చుట్టును బీచ్ మొక్కలు నాటించెను. అవి మహావృక్షములై దూరమునుండి చూచువారికి కొండగుర్తుగా నిలిచెను. 1987 అక్టోబరులో వచ్చిన గాలివాన ఒక్క రాత్రిలో వానిలో పెక్కింటిని కూల్చివేసెను. మరల నాటిన చెట్లు ఇపుడు పెరుగుచున్నవి. అడర్ నది దాటి, 'డెవిల్స్ డైక్' అను లోతైన లోయ ప్రక్కగా పోయిన, క్లేటన్ వద్ద జాక్, జిల్ అను రెండు గాలిమరలు కనబడును. జిల్ మరను 1821లో బ్రైటన్‌లో కట్టిరి. 1852లో ఎద్దులచేత, గుఱ్ఱములచేత ఈడ్పించి కొండలమీదుగా ఇచ్చటికి తెచ్చిరి.

ఈ గాలిమరల చేరువనుండి దక్షిణముగా మఱియొక గుఱ్ఱపుబాట దిగును. భారతీయుడెవడైనను అక్కడ ఆగి, ప్రధానమార్గమును కొంచెము సేపు విడిచి, ఆ దారిన పోవలెను. మోటారు రహదారి పోని ఆ కొండవాలుపై, గొఱ్ఱెలు మేయు బీడు నడుమ, ఎనిమిది స్తంభములమీద గుమ్మటముతో తెల్లని చలువరాతి ఛత్రి యొకటి నిలిచియున్నది. దాని పేరును 'ఛత్రి'యే. మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సు రణరంగములలో గాయపడిన భారత సైనికులకు బ్రైటన్ నగరమున ఆస్పత్రులు ఏర్పఱచిరి. పూర్వము రాజు విహరించిన పెవిలియన్ భవనమును కూడ ఆస్పత్రిగా మార్చిరి. ఆయా మతములవారికి, కులములవారికి తగినట్లు తొమ్మిది వంటశాలలు నడపిరి. ఎంత శుశ్రూష చేసినను అందఱును బ్రతుకలేదు. మరణించిన హిందువులను, సిక్కులను 53 మందిని ఈ కొండమీదికి తెచ్చి దహనము చేసిరి. బూడిదను సముద్రమున కలిపిరి. మరణించిన ముస్లిములను వోకింగ్ సమీపమున ఖననము చేసిరి.

ఆ దహనవాటికల మీదనే ఈ స్మారకమును కట్టిరి. దీనిని చిత్రించినవాడు బొంబాయికి చెందిన ఇ.సి. హెన్రిక్స్ అను యువ వాస్తుశిల్పి. 1921 ఫిబ్రవరి 1న వేల్సు యువరాజు దీనిని ఆవిష్కరించెను. రెండవ యుద్ధమున ఆ ప్రాంతము సైనిక శిక్షణకు వాడబడగా తుపాకి గుండ్లు తగిలి రాళ్ళు దెబ్బతినెను, పిదప బాగుచేసిరి. 2010లో ఆ 53 మంది పేర్లు చెక్కిన రాతిఫలకమును ప్రక్కనే నిలిపిరి. ప్రతి జూన్ నెలలోను అక్కడ స్మరణోత్సవము జరుగుచున్నది. ఏ నదీతీరమునో, ఏ పల్లె పొలిమేరనో బంధువుల నడుమ కాలవలసిన దేహములు, భాష తెలియని దేశమున, సుద్దకొండపై కాలినవి. వారి పేర్లు రాతి కెక్కుటకు తొంబది యేండ్లకు పైగా పట్టినది. అంతవరకు వారిని మఱపునకు రానీయనిది ఏది? ఆ గుమ్మటము, దానికి పోవు బాట, ఏటేట ఆ బాట నడచినవారు. బాట పూడిపోయియుండినచో గుమ్మటము ఒంటరి యయ్యెడిది.

తిరిగి కొండవెన్ను చేరి తూర్పునకు పోయినచో డిచ్‌లింగ్ బీకన్, 248 మీటర్ల ఎత్తు. శత్రువుల రాక తెలుపుటకు మంటలు వేయు కొండల వరుసలో ఇదియు ఒకటి. అటుపై లూయిస్ పట్టణము. 1264 మే 14న ఇచ్చట జరిగిన యుద్ధము ఇంగ్లండు చరిత్రలో ముఖ్యమైనది. సైమన్ ది మాంట్‌ఫర్ట్ రాత్రివేళ తన సేనను కొండల మీదికెక్కించి, తెల్లవారునప్పటికి పైనుండి దిగి, మూడవ హెన్రీ రాజును ఓడించి బందీని చేసెను. మరుసటి యేడు అతడు సమావేశపఱచిన సభకు పట్టణముల ప్రతినిధులను సైతము పిలిచెను. పార్లమెంటు చరిత్రలో అదియొక మెట్టు. కొండబాట తెలిసినవాడు రాజును గెలిచెననుట ఇక్కడ అలంకారము కాదు.

ఊజ్ నదిని సౌథీస్ వద్ద దాటి, మరల ఎక్కి దిగిన, కక్‌మియర్ నది యొడ్డున ఆల్‌ఫ్రిస్టన్ గ్రామము వచ్చును. అచ్చటి చర్చి ప్రక్కన 14వ శతాబ్దపు గడ్డికప్పు ఇల్లొకటి శిథిలావస్థలో నుండగా, 1896లో నేషనల్ ట్రస్టు దానిని 10 పౌనులకు కొనెను. ఆ సంస్థ కొన్న మొట్టమొదటి కట్టడము అదియే. ఈ యూరిలోనే బాట రెండుగా చీలును. నడచువారు నదివెంట దక్షిణమునకు పోయి, 'సెవెన్ సిస్టర్స్' అను తెల్లని సముద్రపు చరియలమీదుగా సాగుదురు. అది కాలిబాట, సైకిలుకు అక్కడ హక్కులేదు. గుఱ్ఱపు రౌతులు, సైకిలువారు విండోవర్ కొండనెక్కి, జెవింగ్టన్ పల్లె మీదుగా ఈస్ట్‌బోర్న్ చేరవలెను. చట్టపుస్తకములోని భేదము నేలమీద గీతగా కనిపించు చోటు ఇది. ఆ కొండవాలునే చేతికొక కఱ్ఱతో నిలిచిన మహాకాయుని రేఖాచిత్రము, 'విల్మింగ్టన్ లాంగ్ మ్యాన్', కలదు. సుమారు 70 మీటర్ల పొడవు. అది చరిత్రకు పూర్వపుదని చాలకాలము తలచిరి. 2003లో జరిగిన పురావస్తు పరిశోధనలో అది 16, 17 శతాబ్దముల నాటిదై యుండునని తేలెను. ప్రాచీనమనుకొన్నది నవీనము కావచ్చును. నవీనమని త్రోసివేసినది రేపు ప్రాచీనము కావచ్చును.

సైకిళ్ళ రాకతో చిక్కులు లేకపోలేదు. వర్షాకాలమున తడిసిన సుద్ద సబ్బువలె జారును. చక్రపు చాళ్ళలో నీరు పారి గండ్లు పడును. సమాధిదిబ్బల మీదికి, కోటకట్టల మీదికి సరదాకై సైకిలు నెక్కించినచో మూడువేల యేండ్లు నిలిచిన మట్టి కొన్ని యేండ్లలో కోసికొనిపోవును. వేగముగా దిగువాడు వృద్ధుని, పసిబిడ్డను, బెదరు గుఱ్ఱమును గమనింపక పోవచ్చును. కావున తొలగి దారియిమ్మన్న 1968 నాటి మాట నేటికిని ముఖ్యమైనది. మఱొక వైపు సైకిలువారి మొఱయు వినదగినదే. ఇంగ్లండులోని హక్కుబాటలలో వారికి తెరచియున్నవి సుమారు అయిదవ వంతు మాత్రమే. స్కాట్లండు 2003లో చేసిన చట్టము ఇందుకు భిన్నము. బాధ్యతతో మెలగు ప్రతివానికి, సైకిలువానితో సహా, భూమిపై సంచరించు హక్కును అది గుర్తించెను.

వీనికంటె పెద్ద చిక్కు మఱొకటి వచ్చెను. పటములకెక్కని పాతబాటలు ఇంకను ఎన్నో కలవు. వానిని నిరూపించుకొనుటకు 2000 నాటి చట్టము 2026ను గడువుగా విధించెను. తరువాత దానిని 2031కి పొడిగించిరి. గడువు దాటినచో శతాబ్దముల నాటి హక్కు ఒక్కనాటితో పోవును. ఎందఱో స్వచ్ఛందసేవకులు పాత పటములు, పన్నుల లెక్కలు, కమతముల దస్తావేజులు వెదకి ఒక్కొక్క దారికి సాక్ష్యము కూర్చిరి. 2024 డిసెంబరులో ప్రభుత్వము ఆ గడువునే రద్దు చేయ నిశ్చయించినట్లు ప్రకటించెను. ఇరువది నాలుగేండ్లపాటు తలమీద వ్రేలాడిన కత్తి అది. పూర్వులు కాళ్ళతో వ్రాసిన చరిత్రను మనుమలు కాగితముపై మరల చదువవలసి వచ్చినదన్నమాట.

మన పల్లెలలోను డొంకలు, పుంతలు కలవు. చేలగట్ల నడుమ లోతుగా పడిన బండిబాటలు, సంతకు పోవు దారులు, కొండమీది గుడికి పోవు మెట్లదారులు ఒక్కొక్కటియు ఒక చరిత్రపుటయే. వానిలో ఎన్ని మిగిలినవి, ఎన్ని దున్నుడు పడినవి, ఏ దారిన ఎవరు నడచిరి అని పెద్దలనడిగి తెలిసికొనుట కష్టము కాదు. పెద్దలు పోయిన పిదప తెలిసికొనుట మాత్రము కష్టమే. గొఱ్ఱె పోయిన బాటను గుఱ్ఱము నిలిపెను. గుఱ్ఱము తగ్గిన బాటను సైకిలు నిలుపుచున్నది. వాహనము ఏదైనను, నడచువాడున్నంత కాలము బాట చావదు. ముందువానికి దారియిచ్చి, వెనుకవానికి దారి మిగిల్చి పోవుటయే బాట నేర్పు ధర్మము.